మా గుడ్డలు కొనేవాడు పులి

పోలీసుల తరఫున ఒకడు, అడవిలోని అన్నల తరఫున ఒకడు, ఇద్దరు డిటెక్టివులు తొమ్మిది రోజులు బుర్రలు బద్దలు కొట్టుకున్నా విప్పలేకపోయిన రహస్యలిపిని కనిపెట్టిన మనిషిని నేను. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఉన్న బట్టల వ్యాపారుల్లో ఇంకెవరికైనా ఈ ఘనత ఉంటే చెప్పండి, లేచి నా కుర్చీ ఇచ్చేస్తాను. దానికి నేను పెట్టిన పెట్టుబడి ఒక పాత పెళ్ళికార్డు, ఒక ఎర్ర రీఫిల్లు, బీకాం చదివిన తెలివి. మూడోది ఇంట్లో వదిలేసి ఉంటే బాగుండేది.

మాది సంతల మీద బతికే ఇల్లు. మిగతా రోజులు ఊళ్ళో చిన్న దుకాణం, సోమవారం మాత్రం అడవి అంచు ఊళ్ళో సంత. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాయన మోకాళ్ళు మొండికేస్తే బట్టల మూటలు నా నెత్తికొచ్చాయి. బట్టలవాళ్ళు కొన్న ధరను అంకెల్లో రాయరు. పది అక్షరాల మాట ఒకటి పెట్టుకుంటారు. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, అట్లా తొమ్మిది దాకా, చివరిది సున్నా. ఆ అక్షరాలతో చీటీ రాసి మడత లోపల గుండుసూదితో గుచ్చుతారు. బేరంలో ఎక్కడిదాకా దిగొచ్చో మనకు తెలుస్తుంది, కొనేవాళ్ళకు ఏదో పిచ్చి రాత కనపడుతుంది. తాతల కాలం నుంచి వస్తున్న మా మాటను సంతలో మా పక్కన కూర్చునే కల్లూరు బట్టలాయన ఎట్లనో పసిగట్టాడు. నేను లంగాకు దిగగలిగే చివరి ధర చీటీలో చూసుకుని, దానికి ఒక్క రూపాయి తక్కువకు అరిచేవాడు. అందుకని కొత్త మాట కట్టాను. "మా గుడ్డలు కొనేవాడు పులి." లెక్కపెట్టుకోండి, పది అక్షరాలు, ఒక్కటి కూడా రెండోసారి రాదు. దాని కోసం మూడు రోజులు అన్నం మీద ధ్యాస లేకుండా తిరిగాను.

మా అమ్మది వేంసూరు వైపు. ఆమె విని మూతి తిప్పింది. "ఇదేం మాటే? కొనేవాడు పులైతే అమ్మే మనమేంటి, మేకలమా?"

ఆమె మాట నవ్వులాటగా తీసుకున్నాను. అసలు తిరకాసు ఇంకోటి ఉంది, అది కూడా నాకు అప్పుడు అందంగానే కనిపించింది. నాయన పాత మాటతో రాస్తే ఏ చీటీకీ అర్థం ఉండేది కాదు. నా మాటతో రాస్తే కొన్ని ధరలు నిజం మాటలైపోయేవి. తొంభై రాస్తే పులి. డెబ్బై ఎనిమిది రాస్తే వాడు. డెబ్బై రెండు రాస్తే వాగు. పందొమ్మిది రాస్తే మాపు.

మా దగ్గర మాపు అంటే సాయంత్రం.

ఇప్పపువ్వు రాలే రోజులవి, అడవి పల్లెలవాళ్ళు అది ఏరి అమ్ముకుని ఏడాది గడుపుకునే కాలం. ఒక సోమవారం అడవి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. కూతురి పెళ్ళికి వియ్యంకుడికొకటి, పిల్ల మేనమామకొకటి, రెండు జతల లుంగి తువ్వాల కావాలన్నాడు. లుంగి నూట పది, తువ్వాల ముప్పై ఐదు, రెండు జతలు రెండు వందల తొంభై అన్నాను. ఆయన బేరమాడే పద్ధతి వేరు. నోరు తెరవడు. కూర్చుంటాడు. మన మొహం కూడా చూడడు, సరుకు వంకే చూస్తుంటాడు. తిట్టే గిరాకీని, బతిమాలే గిరాకీని, పోతున్నట్టు పోయి వెనక్కి చూసే గిరాకీని లెక్కచేయని నేను ఆ మౌనానికి పది రూపాయలు దిగిపోయాను. రెండు వందల ఎనభై. మూట కట్టిస్తూ, మా ఇంటి అలవాటు ప్రకారం చెప్పాను. "పెద్దాయనా, చీటీలు పారెయ్యకు. రంగు దిగితే చీటీ తేవాలె, అప్పుడే మార్చిస్తా."

ఒక్కో జతకు ఒక్కో చీటీ. లుంగి డెబ్బై రెండు, తువ్వాల పందొమ్మిది. బంగారు అంచున్న పెళ్ళికార్డు ముక్క మీద ఎర్ర అక్షరాలతో: వాగు, మాపు.

ఆయనకు చదువు రాదు. కానీ మాటంటే మాటే. రెండు చీటీలూ ఒక్కచోట పెడితే రెండూ పోతాయని ఒకటి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు, ఒకటి భార్యకిచ్చాడు. ఆమె దాన్ని ఇంట్లో గుడ్డపేలికలో కట్టి పెట్టింది. శనివారం రోడ్డు మీద తనిఖీలో పోలీసులు ఆయన జేబు చూశారు.

"ఏందిది?"

"బట్టల చీటీ సార్."

"బట్టల చీటీ మీద రేటుంటది. వాగుంటదా? మాపటికి వాగు కాడ ఎవరొస్తున్రు?"

అంతే. రోజూ పొద్దున వచ్చి స్టేషన్‌లో కూర్చోవాలి, పొద్దుగూకినాక పోవాలి. అడిగినప్పుడల్లా ఆయన ఒక్కటే చెప్పేవాడట, సంతల బట్టలతో ఇచ్చిన్రు అని. ఏ దుకాణమంటే నోరు మూసుకునేవాడట. రెండు చెంపదెబ్బలు కూడా పడ్డాయట.

ఈ సంగతంతా నాకు సోమవారం తెలిసింది. ఈ కేసు పట్టిన హెడ్డు కానిస్టేబులు సంతకొచ్చాడు. మఫ్టీలో వచ్చానని ఆయన అనుకున్నాడు. గళ్ళ చొక్కా, పంచె, కింద మాత్రం పోలీసు బూట్లు. బూట్లు లేకున్నా నేను పోల్చేదాన్నే. ఆయన ఎప్పుడూ ధర అడగడు, ముందు చంకలో పెట్టుకుని తర్వాత "రాసుకో అమ్మా" అంటాడు. సంతలో మావి ఏడు బట్టల దుకాణాలు. ఏడుగురికీ ఏడు కాగితాలు పంచి, చేతిరాత పరీక్ష పెట్టాడు.

"అందరూ రాయండి. వాగు. కింద మాపు."

కల్లూరాయన నాలుక బయటపెట్టి, బడిపిల్లాడిలా ఒత్తి ఒత్తి రాశాడు. మిర్చి బజ్జీలామె తనకూ కాగితం కావాలని గొడవ చేసింది. హెడ్డు నా ముందుకొచ్చి చీటీ చూపించాడు. నా ఎర్ర రీఫిల్లు, నా గుండ్రటి 'వా', నా బంగారు అంచు. ఎవరి దగ్గర దొరికిందో, ఆ మనిషి ఎక్కడ కూర్చుని ఉన్నాడో కూడా చెప్పాడు.

"నీ రాత కాదు కదమ్మా?"

ఎడమచేత్తో రాశాను. వాగు ఎండిపోయినట్టు రాశాను. "మాకు అంకెలే సార్" అన్నాను. పక్కన కల్లూరాయన చెవులు ఎక్కుపెట్టి ఉన్నాడు. నిజం చెబితే పోలీసు వింటాడన్నది ఒక భయం, కల్లూరాయన వింటాడన్నది ఇంకో భయం. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, రెండోదే పెద్దది. నాలుగు రోజులు కూర్చోబెట్టి వాళ్ళే వదిలేస్తారులే, ఆయన మంచోడని ఊరందరికీ తెలుసు, అని సర్దిచెప్పుకుని మూట విప్పాను. ఆ రోజు వ్యాపారం బాగా అయింది.

ఇక వాగు సంగతి. చీటీ నమ్మి పోలీసులు సాయంత్రాలు వాగు గట్టున తుప్పల్లో కూర్చోవడం మొదలుపెట్టారు. దూరం నుంచి అన్నల మనుషులు వాళ్ళని చూశారు. పెద్దాయన రోజూ స్టేషన్‌కి ఎందుకు పోతున్నాడని వాళ్ళకు అప్పటికే అనుమానం. ఆయన ఇంటికొచ్చి అడిగితే భార్య భయపడి గుడ్డపేలికలోని రెండో చీటీ ఇచ్చేసింది. వాగు, మాపు. ఇంకేముంది, పోలీసులకు కబురు మోసే చీటీ ఇదే అనుకున్నారు. పోలీసులు వాగు దగ్గరుండటమే అందుకు సాక్ష్యం! అది తేల్చుకోవడానికి వాళ్ళు అటు ఒక మనిషిని తిప్పారు. ఆ మనిషి చెప్పుల ముద్రలు ఇసుకలో చూసి పోలీసులు ఎగిరి గంతేశారు. వాళ్ళకూ సాక్ష్యం దొరికింది. ఇట్లా రెండు వైపులవాళ్ళూ నా లుంగి ధర పట్టుకుని ఒకరినొకరు రుజువు చేసుకుంటుంటే, ఊళ్ళో గేదెలకు సాయంత్రం నీళ్ళు లేకుండా పోయాయి.

అన్నల వైపు డిటెక్టివు మా దుకాణానికి గురువారం మధ్యాహ్నం వచ్చాడు. సంతలో ఉల్లిగడ్డలు అమ్మేవాడు. ఆయన ఎవరి మనిషో చెప్పకుండానే అందరికీ తెలుసు. నాకైతే ఇంకా ముందే తెలుసు, ఎందుకంటే ఆయన ఎంత చెబితే అంత ఇచ్చేవాడు. ధర అడగని మనిషిని, అడిగిన ధర ఇచ్చే మనిషిని, ఇద్దరినీ నేను ఒకే లెక్కన చూస్తాను. మామూలు మనిషైతే బేరమాడతాడు.

"లుంగి సూపియ్ అక్కా."

మంచి రకం తీసిచ్చాను. హెడ్డు రాత మీద పడితే ఈయన కాగితం మీద పడ్డాడు. లుంగి మడత విప్పి, లోపల గుచ్చిన చీటీ తీసి, జేబులోంచి ఇంకో చీటీ తీసి, రెండు బంగారు అంచులూ పక్కపక్కన పెట్టాడు. ఒక్క కార్డులోంచి కోసిన ముక్కలని గుడ్డివాడికైనా తెలుస్తుంది. నా చీటీని వెలుతురుకు పట్టుకుని చదివాడు.

"అక్కా, ఈ 'వాడు' ఎవడు?"

డెబ్బై ఎనిమిది తమ్మీ, అని నాలుక చివరిదాకా వచ్చింది.

"సరుకు గుర్తు."

"గుర్తయితే సదువు."

"చదవను."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఆ పెద్దాయన పోలీసుల మనిషని మావోళ్ళల్ల సగం మంది అంటున్రు. నేను కాదంటున్న. కాదనెటందుకు నా తాన ఏం లేదు. శనివారం తేలుస్తరు." తేలిస్తే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అట్లా తేలినవాళ్ళు ఇంటికి రారని మా వైపు అందరికీ తెలుసు.

లోపల లెక్క వేసుకున్నాను. ఈయనకు ఇప్పుడే చెప్పేస్తే, రేపు పోలీసులు నీ లిపి వాళ్ళకెట్లా తెలుసే అని నన్ను కూర్చోబెడతారు. పోలీసులకు ముందు చెబితే, అన్నలు నన్ను తేలుస్తారు. ఒకరికి చెబితే ఇంకొకరి మనిషినైపోతాను. ఇద్దరికీ ఒకేసారి చెప్పాలి. ఇద్దరూ ఒకేచోట ఉండేది సంతలో. ఇదీ నా తెలివి, చచ్చేటప్పుడు కూడా పనిచేసే తెలివి. కాబట్టి నా జీవితంలో ముఖ్యమైన బేరం మొదలుపెట్టాను.

"మంగళవారం దాకా ఆగమను తమ్మీ."

"శనివారం అంటున్న గదక్కా."

"మంగళవారం. నీ చేతిల పెడతా సంగతంతా."

"గన్ని రోజులు ఆగరు. ఆదివారం."

"ఆదివారం మా అమ్మ మందుకు కారేపల్లి పోవాలె."

అమ్మకు ఏ మందూ లేదు. అబద్ధం వినడం ఆయన పనే కాబట్టి తెలిసిపోయే ఉంటుంది. లుంగి మడతపెట్టి ఇస్తూ "సోమవారం" అన్నాడు. నాకు కావాల్సిందీ సోమవారమే. లుంగికి నూట ఇరవై ఐదు చెప్పాను. ఎప్పటిలాగే పూర్తిగా ఇచ్చేశాడు. తీసుకున్నాను. అంత భయంలో కూడా తీసుకున్నాను.

సోమవారం వచ్చింది. సంత నిండుగా ఉంది. ఉల్లిగడ్డల కుప్ప వెనక ఆయన కూర్చుని ఉన్నాడు. నేను మూట మీదికెక్కి మాట్లాడదామని పొద్దుటి నుంచి చూస్తున్నాను. ఇంకో గిరాకీ అయ్యాక, ఇంకో గిరాకీ అయ్యాక అనుకుంటూ రెండు చీరలు కూడా అమ్మాను. అప్పుడు హెడ్డు వచ్చాడు. వెంట పెద్దాయన. తొమ్మిది రోజుల్లో మనిషి సగమయ్యాడు.

"ఏ దుకాణమో చూపియ్. చూపిస్తే ఇంటికి పో."

మొదటి దుకాణం. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. రెండోది, మూడోది. కల్లూరాయన తన ముందు వాళ్ళు ఆగగానే చేతులు జోడించి "నాకు పెళ్ళాం పిల్లలున్నరు" అన్నాడు. తర్వాత నా ముందు. పెద్దాయన సరుకు వంక చూశాడు, ఎప్పటిలాగే. ఈసారి తలెత్తి నా మొహం కూడా చూశాడు.

"యాదికి లేదు సార్."

మూట మీదికెక్కి, పండగ సరుకు అమ్మినట్టు అరిచాను. "ఆ చీటీ నాదే! నా రాతే! వాగు కాదు మాపు కాదు, ధర! అందరూ వినండి! మా గుడ్డలు కొనేవాడు పులి! మా ఒకటి, గు రెండు, డ్డ మూడు, లు నాలుగు..."

సంతంతా నా వైపు తిరిగింది. నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నారు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. హెడ్డు చీటీ తీసి వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "కొ ఐదు, నే ఆరు, వా... ఏడు. మళ్ళీ గు... రెండు." అటు ఉల్లిగడ్డల వెనక ఇంకో చెయ్యి మడుస్తోంది. నేను ఇద్దరినీ చూస్తున్నాను. ఇద్దరి బొటనవేళ్ళూ ఒకేసారి ఆగాయి.

"డెబ్బై రెండు," అన్నాడు హెడ్డు. "పందొమ్మిది." ఆయన మొహం చూడాల్సింది. తొమ్మిది సాయంత్రాల దోమలు ఆయన కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. "నేను పైకి రిపోర్టు రాశానమ్మా! ఏమని రాయను ఇప్పుడు, లుంగి అనా?"

ఈలోపల ఒకామె అప్పుడే నా దగ్గర కొన్న చీర మడత విప్పింది. "పులి! పులి అంటే... తొంభై! నాకు నూట అరవైకి ఇచ్చింది గదే!" ఇంకొకామె లంగా విప్పింది. "లుడు. నలభై ఎనిమిది. ఓ షావుకారమ్మా, తొంభై అంటివి గదా, నీ నోరు పడిపోను!" తర్వాత జరిగింది వ్యాపారం కాదు. సంత మొత్తం నా మూటల మీద పడి అక్షరాలు నేర్చుకుంది. వయోజన విద్య వాళ్ళు కూడా అంత జల్దీ చదివించి ఉండరు. కల్లూరాయన నవ్వీ నవ్వీ కింద కూర్చున్నాడు.

హెడ్డు నా దగ్గరికొచ్చి, జీవితంలో మొదటిసారి ధర మాట ఎత్తాడు. "తొంభై ఒకటికి ఒక జత కట్టమ్మా. ఇంకా రెండు రూపాయలు వేసుకో, పో." చేతిలోని చీటీ సరుకు మీద పడేశాడు. ఆయన వెనకే ఉల్లిగడ్డలాయన నిలబడి ఉన్నాడు.

"నువ్వెవరయ్యా?" అన్నాడు హెడ్డు.

"ఉల్లిగడ్డలోన్ని సార్."

హెడ్డు ఆయన చెప్పుల వంక, ఆయన హెడ్డు బూట్ల వంక చూశారు. వాగు ఇసుక ఇద్దరికీ గుర్తుండే ఉంటుంది. తర్వాత ఎవరి దారిన వాళ్ళు తలతిప్పుకున్నారు. ఉల్లిగడ్డలాయన తన చీటీని హెడ్డు చీటీ పక్కన పెట్టి, మెల్లగా అన్నాడు. "మొన్నటి లుంగి నాకు 'వాడు'కే రావాలె గదక్కా. నలభై ఏడు ఎక్కువ తీసుకున్నవ్." ఇచ్చేశాను. నా దగ్గర ఆయన చేసిన మొదటి బేరం అది.

జనం పలచబడ్డాక చూస్తే పెద్దాయన ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. వదిలేశారు, వెళ్ళిపోవచ్చు. కూర్చునే ఉన్నాడు.

"నా పేరు ఎందుకు చెప్పలే పెద్దాయనా?"

"చెప్తే నిన్ను గూడ కూసోబెడ్తరు గద. ఆడమనిషివి."

"నా చీటీ అని నీకు తెలుసు గదా, నేను వచ్చి చెప్పనైతినని కోపం రాలేదా?"

"నీకు తెల్వదనుకున్న."

తెలుసని చెప్పలేదు. రెండు జతల మీద నేను తిన్న లాభం తొంభై ఎనిమిది రూపాయలు తీసి ఆయన ముందు పెట్టాను. మాట్లాడలేదు. మొత్తం రెండు వందల ఎనభై పెట్టాను. సరుకు వంకే చూస్తున్నాడు. ఆ మౌనం ముందు ఇంకా ఎక్కడిదాకా పెంచేదాన్నో తెలియదు, ఆయనే నోరు తెరిచాడు.

"పైసలొద్దు. నా చీటీలియ్. రంగు దిగితే మార్చుకోవాలె గద."

రెండు చీటీలూ ఇచ్చాను. ఒకటి జేబులో, ఒకటి నడుముకు కట్టిన గుడ్డలో పెట్టుకుని వెళ్ళాడు. అదే నెలలో పెళ్ళి అయిందని విన్నాను. మార్చుకోవడానికి మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆ రకం లుంగి రంగు దిగుతుంది, నాకు తెలుసు.

ఇక ఖర్చు రాస్తాను. ఆ సోమవారం కొన్న ధరకే పోయిన సరుకు, పోయిన రహస్యం, కల్లూరాయన నవ్వు, ఇవన్నీ రెండు మూడు సంతల్లో పూడ్చుకున్నాను. ఇంకో మాట కట్టుకున్నాను, ఈసారి అర్థం లేనిది. ఇది నా వైపు. ఆయన వైపు రెండు చెంపదెబ్బలు, తొమ్మిది రోజుల ఇప్పపువ్వు. ఆయన స్టేషన్‌లో, భార్య జావ గిన్నెతో స్టేషన్ బయట. చెట్ల కింద రాలిన పువ్వంతా పశువులపాలు. ఆ ఏడాది వాళ్ళింట్లో పువ్వు లేదు. తొమ్మిదిలో మొదటి రెండు రోజులు నాకు ఏమీ తెలియదు, అవి తీసేస్తున్నాను. మిగిలినవి ఏడు. అందులో సోమ, మంగళ, బుధ, లాభం కోసం నోరు మూసుకున్న రోజులు, నావే. గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు, భయానివి. చాలా ఏళ్ళు ఆ నాలుగూ కొట్టేసి మూడే రాసుకున్నాను. కానీ సోమవారమే చెప్పి ఉంటే గురువారం వచ్చేది కాదు. అవి కూడా కలపాలి.

ఏడు. తగ్గింపు లేదు.